కారు ఇన్సూరెన్స్: ప్రీమియం తగ్గిందా? ఏ లైన్లో తగ్గిందో చూడండి

[తెర మీద: అపార్ట్‌మెంట్ సెల్లార్, హెడ్‌లైట్ల దాకా నీళ్లలో కారు]

రాత్రంతా వాన దంచికొట్టింది. తెల్లారి సెల్లార్‌లోకి దిగితే కారు ఇలా ఉంది. మోటారు పెట్టి నీళ్లు తోడించాక చాలామంది చేసే మొదటి పని, ‘స్టార్ట్ అవుతుందేమో’ అని తాళం తిప్పడం. క్లెయిము చెడేది అక్కడే. ఎందుకో చివర్లో చెప్తాం. ముందు పాలసీ కాగితం తీయండి.

[తెర మీద: ప్రీమియం పట్టిక]

మొదటి ముక్క థర్డ్ పార్టీ. మన కారు వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్లు చూస్తే, 1000 సీసీ వరకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 వరకు 3,416, ఆపైన 7,897. ఏ కంపెనీకి వెళ్లినా ఇదే. బేరాల్లేవు. ఇది కూడా లేకుండా బండి తీస్తే మొదటిసారి 2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి. కంపెనీల పోటీ అంతా ఇక్కడే, తిరకాసూ ఇక్కడే. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది.

[తెర మీద: ఐడీవీ అంకె చుట్టూ ఎర్ర గీత]

ఐడీవీ అంటే కారు పోతే మీ చేతికొచ్చే గరిష్ఠ మొత్తం. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపున్న కారుకి షోరూమ్ ధరలో 40 శాతం తరుగు. పది లక్షల కారైతే ఆరు లక్షలు. ఎవరైనా మీకు రెండు వేలు తక్కువకిస్తామంటే ఈ అంకె చూడండి, 4.8 లక్షలకు దించి ఉండొచ్చు. కారు దొంగతనానికి పోయిందనుకోండి, రెండు వేల కోసం లక్షా ఇరవై వేలు వదిలేసుకున్నట్టు.

[తెర మీద: పగిలిన బంపర్, పక్కన లెక్క]

ఇదే కారుకి బంపర్ పగిలింది. కొత్తది 12,000 అనుకుందాం. ప్లాస్టిక్‌కి తరుగు కింద సగం కోత: 6,000. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా మీరు భరించేది ఇంకో 1,000. కంపెనీ ఇచ్చేది 5,000. లేబర్, పెయింటు పక్కన పెట్టండి.

ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము వేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వచ్చే తగ్గింపు. మూడేళ్లు క్లెయిము లేకుండా 35 శాతం తెచ్చుకున్నారు, ఈసారి 45 రావాలి. ఓన్ డ్యామేజ్ 10,000 ఉంటే 4,500 తగ్గేది. క్లెయిము వేస్తే సున్నా. కంపెనీ ఇచ్చిన 5,000లో మిగిలేది 500, ఆ మరుసటి ఏడు కూడా 50 శాతం బదులు 20 శాతమే. ఇలాంటి చిన్నవాటికి జేబులోంచి పెట్టుకోవడమే మేలు. ఆ బోనస్ కారుది కాదు, మీది. పాత కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త కారుకి పనికొస్తుంది. రెన్యువల్ 90 రోజులు దాటితే మాత్రం పోతుంది.

ఆ ప్లాస్టిక్ కోత తప్పించేది జీరో డెప్ అనే అదనపు కవర్. ఐదేళ్ల లోపు కారుకి తీసుకోండి, ఏడాదికి ఎన్ని క్లెయిములో అడగండి. షోరూమ్‌లో అంటగట్టే, తాళం పోతే డబ్బిచ్చే కీ కవర్‌లాంటివి కొట్టేయించండి.

[తెర మీద: ఇంజన్ బొమ్మ, వంగిన కనెక్టింగ్ రాడ్]

ఇక సెల్లార్ కారు. వరద నష్టం మామూలు పాలసీలోనే ఉంది. కానీ ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్లోకి వెళ్లి ఉంటే? గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. తాళం తిప్పగానే పిస్టన్ నీళ్లకు తగిలి రాడ్ వంగుతుంది. అది వరద చేసిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని కంపెనీ అంటుంది. దానికే ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్. 2020 అక్టోబరు వానలు చూసిన హైదరాబాద్‌లో, సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లకి ఇది తప్పనిసరనే మా మాట. అది ఉన్నా పదేపదే స్టార్ట్ చేస్తే పేచీ పెడతారు.

అందుకే తాళం ముట్టుకోకండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలిసేలా ఫొటోలు తీయండి. నీళ్లు దిగాక బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. టోల్ ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు రాసుకోండి. కారుని తోసి ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించి సర్వీస్ సెంటర్‌కి పంపండి. నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూసేదాకా ఏ పార్టూ విప్పనివ్వకండి.