ఒంటికాలి మీద లేచినవాడి లెక్కలు

(తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ క్రీడా దినోత్సవంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇందాక సార్ నన్ను పరిచయం చేస్తూ ‘ఆత్మస్థైర్యానికి నిలువెత్తు నిదర్శనం’ అన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను కాబట్టి నిలువెత్తు సంగతి వదిలేద్దాం. ఆత్మస్థైర్యం సంగతి కూడా వదిలేద్దామనే నా మనవి. దాని గురించి చెప్పమని చాలాచోట్లకి పిలుస్తారు, వెళ్తాను, చెప్తాను, శాలువా కప్పుతారు, జ్ఞాపిక చేతిలో పెడతారు, ఫోటో తీసుకుంటారు, అంతే. ఇంట్లో ఇప్పటికి 31 శాలువాలు ఉన్నాయి. మా అమ్మ లెక్కపెట్టి మరీ బీరువాలో సర్దుతుంది. తిరుపతి ఎండల్లో శాలువాతో ఏం చేసుకోవాలో మీరే చెప్పండి. అందుకని ఈ రోజు డబ్బు గురించీ తొడ కండరం గురించీ మాట్లాడతాను.

నాకు కుడికాలు తొడ మధ్య నుంచి లేదు. పందొమ్మిదో ఏట, పూతలపట్టు రోడ్డు, బైకు, లారీ. ఆ కథ మీరు పేపర్లో రోజూ చదివేదే, దాటేస్తాను. ఇప్పుడు మీ ముందుకి నడిచొచ్చింది మన టీటీడీ వాళ్ళ బర్డ్ ఆసుపత్రిలో పెట్టిన కృత్రిమ కాలుతోనే. ప్రభుత్వం వాళ్ళు నన్ను దివ్యాంగుడు అంటారు, ఊళ్ళో కుంటోడు అంటారు, నా ఆటలో ఎల్‌డబ్ల్యూ2 అంటారు. మూడింట్లో నాకు ఆఖరుదే ఇష్టం, ఎందుకంటే అందులో జాలీ లేదు, పొగడ్తా లేదు, ఒక కాలు ఎంతవరకు పనిచేయదో చెప్పే కొలత మాత్రమే ఉంది.

ఆట పేరు పారా ఆల్పైన్ స్కీయింగ్. స్కీ అనే పొడవాటి పలకలు కాళ్ళకి బిగించుకుని మంచు కొండ పైనుంచి, కర్రలు పాతి కట్టిన గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ కిందికి దూసుకురావాలి. తక్కువ సమయంలో వచ్చినవాడు గెలిచినట్టు. నిలబడి ఆడేవాళ్ళు, నడుము కింద కదలిక లేక కుర్చీలాంటి స్కీలో కూర్చుని ఆడేవాళ్ళు, చూపు లేక ముందు పోయే గైడు గొంతు వింటూ ఆడేవాళ్ళు, ఇలా మూడు గుంపులు. ఒక్కో గుంపులో మళ్ళీ ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి కాలు లేదు, మరి ఎవరు గెలిచారో ఎలా తేలుస్తారు? నా ఎల్‌డబ్ల్యూ2 లాంటి ప్రతి తరగతికీ ఒక గుణకం ఉంటుంది. నేను 60 సెకన్లలో దిగాను, నా గుణకం 0.9 అనుకోండి, నా సమయం 54 కింద లెక్క. బోర్డు మీద అంకె మారేదాకా గెలిచామో ఓడామో మాకే తెలియదు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఆట కాదు. శీతాకాల పారాలింపిక్స్ మొదటిసారి 1976లో స్వీడన్‌లో జరిగాయి, అంటే ఈ హాల్లో చాలామంది అమ్మానాన్నలు కూడా అప్పటికి పుట్టి ఉండరు. మనకి మంచు లేదు కదా అంటారా, మంచు లేకపోవడం ఒక్క మన జిల్లా కష్టమే కాదు. శివ కేశవన్ అని ల్యూజ్ ఆటగాడు, అంటే చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని మంచు ట్రాక్‌లో జారే ఆట, 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. దేశంలో మంచు ట్రాక్ లేదని బండికి చక్రాలు బిగించి హిమాలయాల తారు రోడ్ల మీద, లారీల మధ్య ప్రాక్టీసు చేశాడు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళింది ఒకే ఒక్క ఆటగాడు, కశ్మీర్‌లోని గుల్మార్గ్ నుంచి ఆరిఫ్ ఖాన్, అతనిదీ ఆల్పైన్ స్కీయింగే. వీళ్ళ వీడియోలు చూసే నాకు ఈ పిచ్చి పట్టింది, వేరే గొప్ప కారణం ఏమీ లేదు.

మొదటిసారి గుల్మార్గ్ వెళ్ళినప్పుడు ఒక సంగతి తెలిసింది, తెలుగులో అన్నిటికీ ‘మంచు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. తెల్లారి గడ్డి మీద ఉండేదీ మంచే, ఘాట్ రోడ్డు మీద కమ్ముకునేదీ మంచే. అక్కడ పొద్దున పిండిలా ఉన్నది మధ్యాహ్నానికి సంగటి ముద్దలా అయిపోతుంది, రాత్రికి గచ్చులా బిగుసుకుంటుంది. పందెం పెట్టేది ఆ గచ్చు మీదే. వాలు చెడిపోకుండా నీళ్ళు పట్టించి మరీ గట్టిపరుస్తారు. సినిమాల్లో చూసి దూదిలాంటి మంచు మీద పడొచ్చులే అనుకుని వెళ్ళిన నాకు మొదటి రోజే మోచెయ్యి కమిలిపోయింది.

ఇక్కడ మీకు ఒక విషయం సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు అడిగే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నేను మంచు మీదికి కృత్రిమ కాలు వేసుకుని వెళ్ళను. దాన్ని కింద గదిలో గోడకి ఆనించి వదిలేసి వెళ్తాను. ఒక కాలికి ఒక స్కీ, రెండు చేతుల్లో రెండు ఊతకర్రలు, వాటి అడుగున చిన్న స్కీ ముక్కలు. తాడు లాగితే ఆ ముక్క పైకి లేచి మామూలు కర్ర అయిపోతుంది, వదిలితే మళ్ళీ స్కీ. మిగిలిన తొడ ముక్కకి దెబ్బ తగలకుండా, చలి ఎక్కకుండా మెత్తగా చుట్టుకోవాలి, అక్కడ రక్తప్రసరణ తక్కువ, త్వరగా గడ్డకడుతుంది.

రెండు కాళ్ళున్నవాడు కుడివైపు తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వేస్తాడు, ఎడమవైపు తిరగాలంటే కుడి కాలి మీద. నాకు ఉన్నది ఎడమకాలు. కుడి మలుపులో బొటనవేలి వైపు అంచు మీద ఆనుకుంటాను, హాయిగా ఉంటుంది. ఎడమ మలుపు వచ్చిందంటే చిటికెనవేలి వైపు అంచు మీద మొత్తం ఒళ్ళు నిలబెట్టాలి. ఇప్పుడే మీరు కూర్చున్నచోట లేచి ఎడమకాలి మీద నిలబడి చిటికెనవేలి వైపుకి ఒరిగి చూడండి, పక్కవాళ్ళ మీద పడితే నా పూచీ లేదు. మూడు సీజన్లు నేను చేసిందల్లా ఎడమ మలుపు నేర్చుకోవడమే. పైగా రెండు కాళ్ళవాడికి మలుపు మలుపుకీ ఒక కాలికి విశ్రాంతి దొరుకుతుంది. నాది డబుల్ డ్యూటీ, లీవు లేదు.

దీనికి తిరుపతిలో ప్రాక్టీసు ఏం చేస్తావు అని అడుగుతారు. కొండ ఉంది కదా! దిగేటప్పుడు తొడ కండరం ముడుచుకోదు, సాగుతూనే బరువు ఆపుతుంది, స్కీయింగ్‌లో సరిగ్గా ఆ పనే కావాలి. అందుకే నాకు మెట్లు ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లంటారు, నేను గాలిగోపురం దాకా కర్రలతో ఎక్కి, అక్కడ కాసేపు ఊపిరి పీల్చుకుని, ఒక్కో మెట్టూ మెల్లగా కూర్చుంటున్నట్టు దిగుతాను. దిగేటప్పుడు ఒకసారి పసుపూ కుంకుమా పెట్టుకుంటూ మెట్లెక్కుతున్న ఒక అవ్వ ఆపింది.

“ఏం మొక్కుకున్నావు నాయనా, ఇంత కష్టపడతా ఉండావు?”

“మొక్కు కాదవ్వా, ప్రాక్టీసు.”

“దేనికి?”

“మంచు మీద జారేదానికి.”

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, “ఇంతవరకు జారింది చాల్లేదా?” అంది. అని, కొంగు ముడి విప్పి పది రూపాయలు చేతిలో పెట్టింది. నేను బిచ్చగాణ్ణి కాదని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ ఏ ఉద్దేశంతో ఇచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు, కానీ దేనికని అడిగి, సమాధానం విని, ఆ తర్వాత డబ్బు ఇచ్చిన మొదటి మనిషి ఆవిడే. మిగతావాళ్ళు అడగరు. కాలు లేకపోవడం చూస్తే చాలు, దేనికివ్వాలో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది.

ఒక పెద్దమనిషి ఉన్నారు, మంచివారు, పేరు వద్దు. ఆయన నాకు ఇంకా మంచి కాలు కొనిస్తానన్నారు, మోకాలు దానంతటదే వంగేది, లక్షల ఖరీదు. “సార్, ఆ డబ్బులో నాలుగో వంతు ఇస్తే నాకు ఒక జత స్కీలు, బూటు, రెండు నెలల కోచింగ్ వస్తాయి” అన్నాను. “జత ఎందుకయ్యా, నీకు ఒకటి చాలు కదా” అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ న్యాయమైన ప్రశ్నే. స్కీలు జతగానే అమ్ముతారు, ఒకటి ఇవ్వమంటే ఇవ్వరు. అదృష్టం ఏమంటే స్కీకి కుడి ఎడమా తేడా లేదు, ఒకటి అరిగితే రెండోది ఎక్కిస్తాను. బూటు అలా కాదు. కుడి బూటు వృథా. కాబట్టి మా పాదం సైజుదే, ఎడమకాలు లేని వాడెవడైనా దొరికితే వాడూ నేనూ సగం సగం వేసుకుని ఒక జత కొందామని చూస్తున్నాను, ఈ హాల్లో పది నంబరు వాళ్ళు ఎవరైనా ఉంటే తర్వాత కలవండి. ఆ పెద్దమనిషి మాత్రం కాలే ఇస్తానని పట్టుపట్టారు. వద్దన్నందుకు నాకు పొగరని నలుగురికీ చెప్పారట. ఒంటికాలి మీద లేస్తున్నాడు వీడు అన్నారట. లేవడమే కదా సార్ మా ఆట!

స్కీకి అంచులు పదును పెట్టాలి, అడుగున మైనం కరిగించి పూయాలి. మైనానికి నేను మా అమ్మ ఇస్త్రీపెట్టె వాడాను, ఆ తర్వాత నా చొక్కాలన్నీ మెరిశాయి. అంచుల సంగతి మరీ ఘోరం. సైకిల్ చక్రం తిప్పుతూ వీధుల్లో కత్తులకి సాన పట్టే ఆయన ఉన్నాడు కదా, ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను, తప్పు పూర్తిగా నాదే. ఆయన పాపం కొడవలికి పట్టినట్టు పట్టాడు, నిప్పురవ్వలు లేచాయి. స్కీ అంచు ఉక్కు రేకు సన్నగా ఉంటుంది, ఆకురాయితో కోణం చూసుకుంటూ వెంట్రుకంత గీకాలి. జతలో ఒకటి అక్కడే చచ్చింది. అప్పుడర్థమైంది జతగా ఎందుకు అమ్ముతారో.

ఇక డబ్బు. ఊళ్ళో తిరిగి చందాలు అడగడం నాకు చేతకాలేదు. మా అమ్మే దారి చూపించింది. మాది చంద్రగిరి పక్కన పల్లె. పెండ్లిళ్ళలో చదివింపులు రాసే పుస్తకం ప్రతి ఇంట్లో ఉంటుంది, ఎవరు ఎంత చదివించారు, రేపు వాళ్ళింట్లో కార్యం జరిగితే మనం అంతకి తగ్గకుండా ఎంత చదివించాలి, అంతా అందులోనే. అమ్మ ఇరవై ఏళ్ళ పుస్తకం తీసి ముందేసుకుని, “మనం ఇంతమందికి చదివించినాము, నీకు పెండ్లి కాలేదు, మనకెవరూ తిరిగి చదివించలేదు. పెండ్లి అనుకోమని చెప్తాను” అంది. చెప్పింది కూడా. ఒక ఆదివారం ఇంటి ముందు చాపలేసి, రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టి, బల్ల మీద పుస్తకం పెట్టి కూర్చుంది. 116, 516, 1,116. సాయంత్రానికి లక్షా ఎనభై ఆరు వేలు. జాలి లేదు, అప్పు తీర్చడం అంతే, అందుకే నాకు అది తీసుకోవడానికి సిగ్గనిపించలేదు.

తర్వాత ఆడిటర్ దగ్గరికి వెళ్తే ఆయన తల పట్టుకున్నాడు. పెండ్లికి వచ్చిన కానుకల మీద పన్ను లేదు, ఆటల పోటీ పేరుతో వచ్చినవాటి మీద ఉంది! బంధువులు కానివాళ్ళు ఏడాదిలో ఇచ్చినదంతా కలిపి 50,000 దాటితే, దాటినంత కాదు, మొత్తం ఆదాయం కింద లెక్క. అందరూ బంధువులే కదా సార్ అన్నాను. చట్టానికి మా పెదనాన్న బంధువు, మేనత్త బంధువు, పెదనాన్న కొడుకు మాత్రం కాడు. దుబాయ్‌లో పనిచేసే ఆ పెదనాన్న కొడుకు, నన్ను తన గదిలో పెట్టుకుని అక్కడి మాల్‌లో ఉన్న 400 మీటర్ల మంచు వాలు మీద నెల రోజులు ప్రాక్టీసు చేయించిన అన్న, చట్టం ముందు పరాయివాడు. “నువ్వు నిజంగానే పెండ్లి చేసుకుని ఉంటే ఈ గొడవ లేదు” అన్నాడు ఆడిటర్. ఆ మాట ఆయన అమ్మ ముందు అనకుండా ఉండాల్సింది.

కంపెనీల దగ్గరికి కూడా వెళ్ళాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి, ఏ పనులకి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో పారాలింపిక్ క్రీడల శిక్షణ అని రాసే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని వెళ్ళాను. ఒకచోట అధికారి చదివి, “బాగుంది, కానీ వీల్‌చైర్లు పంచితే ఫోటో బాగా వస్తుంది” అన్నాడు. కనీసం నిజం చెప్పాడు. ఇంకోచోట అసలు చిక్కు తెలిసింది, మనిషి చేతికి ఇవ్వరు, ట్రస్టుకే ఇస్తారు, ఆ ట్రస్టుకి అలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం ఉండాలి. నేను కొత్తది పెట్టి మూడేళ్ళు కూర్చుంటే నా మోకాలు ఊరుకుంటుందా? ఉన్న మోకాలు అదొక్కటే. ఇక్కడే వికలాంగ పిల్లలకి ఆటలు నేర్పే పాత ట్రస్టు ఒకటి ఉంటే అందులో చేరాను. కోచ్‌కీ టికెట్లకీ వాళ్ళే నేరుగా కడతారు, నా చేతికి రూపాయి రాదు. మీలో ఎవరైనా ఆటల కోసం డబ్బు సేకరించాలనుకుంటే నాలా ఆఖర్న కాకుండా ముందే ఆడిటర్ని కలవండి, ఫీజు అడిగితే ఇవ్వండి.

జనవరిలో మళ్ళీ గుల్మార్గ్. 2,650 మీటర్ల ఎత్తు, నాకు మొదటి మూడు రోజులు తలనొప్పే. ఈసారి లక్ష్యం పతకం కాదు. పోయినసారి జెయింట్ స్లాలమ్ అనే పోటీలో కింది నుంచి మూడో గేటు దగ్గర ఎడమ మలుపులో పడ్డాను, ఆ గేటు దాటాలి.

సార్ శాలువా తీస్తున్నట్టున్నారు. వద్దు సార్, అక్కడే ఉంచండి. పుస్తకం బయట బల్ల మీద పెట్టాం, అమ్మ కూర్చుని ఉంది. 116 నుంచి రాసుకుంటాం, ట్రస్టు రసీదు కూడా ఇస్తాం. మీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా కబురు పెట్టండి, వచ్చి చదివిస్తాను. పేరూ ఊరూ కాస్త గట్టిగా చెప్పండి, అమ్మకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు.