జోడేఘాట్ వీరుడు, తకరజుకా రంగస్థలం

శ్రోతలందరికీ నమస్కారం. సినిమా అభిమానులు అనగానే మనకి కటౌట్లు, పాలాభిషేకాలు, మొదటి ఆటకి గాల్లోకి ఎగిరే కాగితం ముక్కలు, సోషల్ మీడియాలో గొడవలు గుర్తొస్తాయి. వాటి గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు కాబట్టి ఈ పూట నేను ఇంకో రకం అభిమానుల గురించి చెబుతాను. సినిమా చూసి ఇంటికొచ్చాక ఊరికే ఉండలేక చేతులతో ఏదో ఒకటి తయారు చేసేవాళ్ళు. బొమ్మ గీస్తారు, వేషం కుట్టుకుంటారు, కాగితం మడుస్తారు. వాళ్ళ ఇష్టం పెరిగి పెరిగి చివరికి ఒక పెద్ద నాటకశాల తలుపు తట్టిన కథ ఒకటుంది, నాకు చాలా ఇష్టమైన కథ. దాని దగ్గరికి వెళ్ళేలోపు దారిలో ఇద్దరు ఆడవాళ్ళని పలకరిద్దాం.

మొదటావిడ వయసు 83 ఏళ్ళు, ఉండేది జపాన్‌లో. 2024 మార్చిలో రాజమౌళి గారు ఆర్ఆర్ఆర్ ప్రత్యేక ప్రదర్శన కోసం అక్కడికి వెళ్ళినప్పుడు ఆవిడ ఒక కానుక పంపించారు. కాగితంతో మడిచిన కొంగలు, వెయ్యి. జపాన్‌లో మనకి కావలసినవాళ్ళు ఆరోగ్యంగా, చల్లగా ఉండాలని కోరుకుంటూ అలా వెయ్యి కొంగలు చేసి ఇస్తారు. ఒక్కో కొంగకి మూడు నిమిషాలు వేసుకున్నా వెయ్యి కొంగలకి 50 గంటలు. ఆ వయసులో, ఆ వేళ్ళతో, 50 గంటలు. కానుక లోపలికి పంపించి తను మాత్రం బయట చలిలో నిలబడ్డారట. ఈ సంగతి రాజమౌళి గారే ఫొటోలతో సహా అందరికీ చెప్పారు. ఆ సినిమా ఆవిడకి సంతోషం కలిగించింది, దానికి ఆవిడ వెయ్యి కొంగలు చేసిచ్చారు, అంతే.

రెండో ఆవిడ ఒక తల్లి. ఆవిడ కొడుక్కి ఏడేళ్ళు. సినిమా చూస్తే మూడు గంటలు, మాటలేమో తెలుగు, కింద జపాన్ అక్షరాలు పరుగెడుతూ ఉంటాయి, ఏడేళ్ళ పిల్లాడు అంత వేగంగా చదవలేడు కదా. అందుకని ఆవిడ కూర్చుని ఆర్ఆర్ఆర్ కథంతా బొమ్మల పుస్తకంగా చేసిపెట్టారు. పిల్లాడు ముందు పుస్తకం చూస్తాడు, కథ తెలిసిపోతుంది, తర్వాత సినిమా చూస్తాడు. 2023లో ఆ పుస్తకం బొమ్మలు ఇక్కడ మన ఫోన్లలో కూడా తిరిగాయి. అది చూసినప్పుడు నాకు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు రామాయణం చెప్పేటప్పుడు ఇదిగో వీడు హనుమంతుడు, వీడు రావణాసురుడు అంటూ పలక మీద గీసి చూపించడం గుర్తొచ్చింది. కథ పిల్లాడికి అందాలి, దానికోసం ఎంత పనైనా చేస్తారు.

జపాన్‌కి మన దక్షిణాది సినిమా కొత్తేం కాదు. 1998లో రజనీకాంత్ ముత్తు అక్కడ నెలల తరబడి ఆడింది. 2017 చివర్లో బాహుబలి రెండో భాగం వెళ్ళింది, అరుస్తూ, గజ్జెలు మోగిస్తూ చూసే ప్రత్యేక ఆటలు పెట్టారు, 2018 ఏప్రిల్‌లో రాజమౌళి గారు వెళ్ళి అలాంటి ఒక ఆటలో జనం మధ్య నిలబడ్డారు. ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబర్ 21న విడుదలై 200 కోట్ల యెన్‌లు దాటింది, ఏడాది పైన ఆడింది. సరే, లెక్కలు అక్కడితో ఆపుతాను.

ఇక నాటకం.

జపాన్‌లో ఒసాకాకి దగ్గర్లో తకరజుకా అని ఒక ఊరు. వంద సంవత్సరాల క్రితం అది వేడినీటి బుగ్గలున్న ఊరు, అక్కడితో రైలు మార్గం ఆగిపోతుంది. ఆ రైలు కంపెనీ నడిపే కొబయాషి ఇచిజో అనే ఆయన, చివరి స్టేషన్ దాకా జనం రావాలంటే ఏం చేయాలి అని ఆలోచించి లోపల ఒక ఈత కొలను కట్టించాడు. అది నడవలేదు. సరే, కొలను మీద పలకలు పరిచి రంగస్థలం చేసేద్దామన్నాడు. అమ్మాయిలకి పాట, ఆట నేర్పించి 1914లో మొదటి ప్రదర్శన వేయించాడు. రైలు టిక్కెట్ల కోసం మొదలుపెట్టిన ఆ పని ఈరోజుకీ ఆగలేదు. అందులో ఉన్నవాళ్ళందరూ ఆడవాళ్ళే. యువరాజు వేషం ఆడమనిషే వేస్తుంది, సేనాపతి ఆడమనిషే, విలన్ కూడా ఆడమనిషే. రెండేళ్ళు సొంత సంగీత పాఠశాలలో చదివాక కొందరు మగ వేషాలకి, కొందరు ఆడ వేషాలకి వెళ్ళిపోతారు, ఇక రంగస్థలం మీద ఉన్నన్నాళ్ళూ దాదాపు అదే దారి. గొంతు, నడక, కుర్చీలో కూర్చునే తీరు, టోపీ తీసే పద్ధతి, అన్నీ సంవత్సరాల తరబడి సాధన చేస్తారు.

ఇది వింటుంటే మనవాళ్ళకి స్థానం నరసింహారావు గారు గుర్తురాకుండా ఉంటారా? బాపట్ల మనిషి, 1902లో పుట్టారు, శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆయన రంగం మీదకి వస్తే చూసేవాళ్ళు మగమనిషి అన్న సంగతి మర్చిపోయేవారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మన దగ్గర మగవాళ్ళు సత్యభామ అయ్యారు, వాళ్ళ దగ్గర ఆడవాళ్ళు వీరులు అయ్యారు. రెండు చోట్లా ఉన్నది ఒకటే సాధన, వేరే దేహాన్ని తన దేహంలోకి తెచ్చుకోవడం. అందుకే నాకు తకరజుకా పరాయిదిగా అనిపించదు.

తకరజుకాలో అయిదు బృందాలు. పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం, అంతరిక్షం అని వాటి పేర్లు. నవలలు, హాలీవుడ్ సినిమాలు, బొమ్మల కథలు, ఏది నచ్చితే అది నాటకం చేసుకుంటారు. అలాంటి చోట నక్షత్ర బృందం 2024 జనవరిలో ఆర్ఆర్ఆర్ వేసింది. మళ్ళీ చెబుతాను, ఆర్ఆర్ఆర్ సినిమాని అందరూ ఆడవాళ్ళే ఉన్న జపాన్ బృందం జపాన్ భాషలో, ఎదురుగా వాద్యబృందం వాయిస్తుంటే, సంగీత నాటకంగా ఆడింది. జనవరిలో తకరజుకాలో, ఫిబ్రవరి నెలాఖరు నుంచి టోక్యోలో. దర్శకుడు తాని తకయా.

సినిమా మూడు గంటల పైచిలుకు, నాటకానికి ఉన్నది గంటన్నర చిల్లర. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి? వాళ్ళు భీమ్ వైపు నిలబడి కథ చెప్పారు, నాటకం పేరులోనే భీమ్ దారి అని పెట్టుకున్నారు. నాకు ఇది చాలా నచ్చింది. ఎందుకంటే తకరజుకాలో బృందానికి ఒక అగ్రతార ఉంటుంది, కథలో ప్రధాన పాత్ర ఆవిడదే, అందులో మార్పు ఉండదు. అప్పట్లో నక్షత్ర బృందం అగ్రతార రే మకోతో, నాట్యంలో ఆ తరంలో గొప్ప పేరున్న కళాకారిణి, ఆవిడ భీమ్ అయ్యారు. రామరాజుగా అకత్సుకి చిసేయి. జెన్నీగా మైసోరా హితోమి, అప్పట్లో ఆ బృందంలో నాయిక స్థానం ఆవిడదే. నాటు నాటు కూడా ఉంది, ఉండకుండా ఎలా ఉంటుంది, భుజాల మీద పట్టీలు లాగుతూ ఇద్దరు వేసే ఆ అడుగు ఇద్దరు ఆడవాళ్ళు వేశారు. కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆస్కార్ అందుకుని అప్పటికి ఇంకా ఏడాది కూడా కాలేదు.

సినిమా కథ కల్పితమే, మనందరికీ తెలుసు, అల్లూరి, భీమ్ కలిసి నడిచినట్టు చరిత్రలో లేదు. కానీ పేర్లు కల్పితం కావు. కొమురం భీమ్ ఆసిఫాబాద్ అడవుల గోండు బిడ్డ, నిజాం పాలన మీద తిరగబడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చిన మనిషి. ఇప్పటికీ ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ ఆయన వర్ధంతి జరుపుతారు. ఆ పేరుని ఒక జపాన్ ఊళ్ళో వేల మంది కూర్చుని రోజూ విన్నారు. నాకు ఇది మామూలు విషయంగా అనిపించదు.

ఇంకొక్క సంగతి, ఇది నేను ఎవరికైనా చెప్పకుండా ఉండలేను. తకరజుకా ప్రదర్శన రెండు భాగాలు. నాటకం అయ్యాక ఆటపాటల భాగం ఒకటుంటుంది, చివర్లో రంగస్థలం మీద 26 మెట్ల పెద్ద మెట్లవరుస దిగుతూ నటులందరూ వస్తారు, ఆఖరున అగ్రతార, వీపు వెనక మనిషంత ఎత్తున ఈకలు విప్పుకుని. అప్పటిదాకా భీమ్‌గా ఉన్నావిడే ఇప్పుడు ఆ ఈకలతో దిగి వస్తుంది. అసలు భీమ్ పుట్టిన గోండుల్లో దీపావళి రోజుల్లో దండారి అనే ఆటపాటల బృందం కడతారు, గుస్సాడీ అనే నాట్యం ఆడతారు, ఆడేవాళ్ళ తల మీద నెమలి ఈకల పెద్ద టోపీ. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మీరు ఆ టోపీ చూసే ఉంటారు. తకరజుకా ఈకలకీ గుస్సాడీ ఈకలకీ సంబంధమేమీ లేదు, వాళ్ళ ఈకలు పారిస్ నాట్యశాలల నుంచి నేర్చుకున్నవి. అయినా భీమ్ వేషం వేసిన మనిషి చివరికి తలకంటే ఎత్తైన ఈకలతో నిలబడిందంటే, ఆ టోపీ కట్టే ఊళ్ళలో ఎవరైనా ఒకసారి చూసి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

మార్చిలో రాజమౌళి గారు, రమ గారు టోక్యోలో ఆ నాటకం చూశారు. 110 ఏళ్ళ చరిత్ర ఉన్న సంస్థ మన సినిమాని నాటకం చేయడం గౌరవం అన్నారు. కొంగల పెద్దావిడ కానుక కూడా ఆ ప్రయాణంలోనే.

సరే, సమయం దగ్గర పడుతోంది, మన ఇంటికి వద్దాం. చేతులతో చేసే అభిమానం మన దగ్గర తక్కువేం లేదు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లన్నీ చేత్తో గీసినవే. ఒక్క కన్నే మూడడుగులుండే బొమ్మలు, గళ్ళు గీసుకుని, నిచ్చెన ఎక్కి, దగ్గర నుంచి చూస్తే ఏమిటో అర్థం కాని రంగులు దూరం నుంచి చూస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ అయ్యేవి. వాటిలో మిగిలినవి ఎన్ని? సినిమా మారగానే దాని మీదే సున్నం వేసి ఇంకో బొమ్మ గీసేవారు. గీసినవాళ్ళ పేర్లు కూడా మిగల్లేదు. ఈ నష్టం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకని ఒక్క చిన్న పని అడుగుతాను. మీ ఇంట్లో పిల్లలు నోటు పుస్తకం చివరి పేజీల్లో హీరో బొమ్మలు గీస్తూ ఉంటారు. మీరే గీసి ఉంటారు, మీ అన్నయ్య గీసి ఉంటాడు, అట్టపెట్టెలో ఎక్కడో ఉంటాయి. వాటిని చిత్తు కాగితాలతో వేసేయకండి. వెనకవైపు పెన్సిల్‌తో మూడు మాటలు రాయండి, గీసినవాళ్ళ పేరు, తారీఖు, ఏ సినిమా చూసి గీశారో. పెన్ను వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది. లామినేషన్ చేయించకండి, ఒకసారి ఆ ప్లాస్టిక్ అంటుకుంటే మళ్ళీ ఊడదు, రంగులు కూడా ఆ వేడికి పోవచ్చు. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్ళకి పసుపు మచ్చ తేలుతుంది. పాత న్యూస్ పేపర్లో చుట్టకండి, మామూలు తెల్లకాగితాల మధ్య పెట్టి, ఫైల్‌లో పరిచి, ఎండ తగలని బీరువా అరలో పెట్టండి, మడత పెట్టొద్దు. పెట్టేముందు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, వెనకవైపు రాసింది కూడా తీయండి. పిల్లలదైతే ఆ మూడు మాటలూ వాళ్ళ చేతే రాయించండి, తారీఖు మాత్రం సంవత్సరంతో సహా. నమస్కారం.