రెండు కట్టెలు సరిపోయే చోట అంత బండ ఎందుకు?

అందరికీ నమస్కారం.

విశ్వానికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని కళ ఎలా చూపిందో మాట్లాడమన్నారు. ఈ టాపిక్ అనగానే మనకు ఒక బొమ్మ తయారుగా ఉంటుంది: నీలి రంగులో గెలాక్సీ, మధ్యలో కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి. ఫోన్ వాల్‌పేపర్‌కు బాగుంటుంది. నేను మాత్రం మిమ్మల్ని ముడుమాల్ తీసుకెళ్తాను.

ఇప్పుడు నారాయణపేట జిల్లా అంటున్నాం గానీ మొన్నటిదాకా అది పాలమూరే. కృష్ణ ఒడ్డున 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు 80 దాకా ఉన్నాయి. వాటి మధ్య చిన్న గుండ్లు బారులు తీరి ఉంటాయి. మూడు వేల ఏళ్లకు పైబడినవని పరిశోధకుల అంచనా. కొన్ని బారులు అయనాలు మారే రోజుల్లో, అంటే సూర్యుడి దారి ఉత్తరానికో దక్షిణానికో మళ్లే రోజుల్లో, పొద్దు పొడిచే, కుంకే దిక్కుకు సరిగ్గా చూస్తాయంటారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాక పేపర్లన్నీ ‘ప్రాచీన అబ్జర్వేటరీ’, అంటే ఆకాశాన్ని గమనించే చోటు అని రాశాయి.

ఆ మాటతో నాకు సగమే ఒప్పుదల. పొద్దు ఎటు పొడుస్తుందో గుర్తుపెట్టుకోవాలంటే రెండు కట్టెలు పాతితే చాలు. అంతంత బండలను ఈడ్చుకొచ్చి, గుంత తవ్వి, నిలబెట్టి, పడిపోకుండా కూరడం దేనికి? ఆ కాలపు నిలువురాళ్లు చాలాచోట్ల పోయినవాళ్ల గుర్తుగా పాతినవే. ఇక్కడా అంతే అయితే, మనవాడు అనుకున్న మనిషిని తీసుకెళ్లి సూర్యుడి దారిలో నిలబెట్టారన్నమాట. కొలతకు అక్కర్లేని ఆ ఎత్తు దగ్గరే నాకు కళ కనబడుతుంది. ఊరివాళ్లు కూడా వాటిని ఉట్టి రాళ్లుగా చూడరు. ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు.

అక్కడే ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. కొన్నిటిని కలిపి చూస్తే సప్తర్షి మండలం. ఒక తమాషా చెప్తాను. భూమి అక్షం దాదాపు 26,000 ఏళ్లకోసారి గుండ్రంగా తిరిగొస్తుంది. కాబట్టి మూడు వేల ఏళ్ల కింద ఉత్తర ధ్రువం దగ్గర మన ధ్రువ నక్షత్రం లేదు. అంటే ఆ గుంటలు తొలిచినవాడు చూసిన ఆకాశం, మనం చూసే ఆకాశం పూర్తిగా ఒకటి కావు. సప్తర్షుల ఆకారం మాత్రం ఇప్పటికీ ఇట్టే పోల్చుకోవచ్చు.

మన నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సంగతి మీకు కొత్త కాదు. సూర్యుడు కదులుతున్నా గర్భగుడిలో స్తంభం నీడ కదలదు. ఎండ నేరుగా లోపలికి పడదు. స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు ఆ నీడను వేస్తుంది. బొమ్మ చెక్కడం శిల్పులకు అలవాటే, ఇక్కడ వెలుతురునే పనిముట్టు చేసుకున్నారు. ఫొటోలో ఆ నీడ ఒక మరకలా ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూస్తేనే అందులో విషయం తెలుస్తుంది.

బొమ్మలు గీసే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. సూర్యుడి దారి ఉత్తరానికి మళ్లే డిసెంబర్ 21, 22 తేదీల్లో మక్తల్ మీదుగా ముడుమాల్ వెళ్లండి. తెల్లారకముందే చేరుకుంటే మంచిది, చలి ఉంటుంది, స్వెట్టర్ పెట్టుకోండి. రాళ్ల మీద పేర్లు మాత్రం గీకకండి.