మంచిగైండు కదా, ఇంకెందుకు?
(చిన్నపిల్లల క్యాన్సర్‌పై స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. సెప్టెంబరు చిన్నపిల్లల క్యాన్సర్ అవగాహన నెల. ఈరోజు మనతో పిల్లల క్యాన్సర్ డాక్టరు గారు, ఆసుపత్రిలో ఆ కుటుంబాలకు తోడుండే సోషల్ వర్కర్, వనపర్తి దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి ఉన్నారు. బాబు ఎవరో తెలియకూడదని పేర్లు చెప్పడం లేదు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం. ఎట్లా తెలిసింది?

తల్లి: పిల్లగానికి అప్పుడు ఐదేండ్లు. జ్వరం వచ్చుడు, పోవుడు. రాత్రయితే కాళ్లు నొస్తున్నయని ఏడ్చేటోడు. దుంకులాడి నొస్తున్నయేమో అనుకున్నం. ఊళ్లె సూదేస్తే తగ్గింది. పది దినాలకు మళ్ల అదే. ఒంటి మీద నీలం మచ్చలు లేసినయి. కొట్టినవా ఏందని మా అత్త నన్నే అడిగింది.

డాక్టర్: ఇక్కడ ఒక్క నిమిషం. కారణం తేలకుండా నొప్పులకు స్టెరాయిడ్ సూది ఇస్తే లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, కొన్నాళ్లు దాక్కుంటుంది. నొప్పి పోతుంది, జబ్బు పోదు. తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, కుంటి నడక కనిపిస్తే ముందు సీబీపీ రక్తపరీక్ష చేయించండి. ఫ్లాష్ ఫోటోలో చంటిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిసిందా, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. అది రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. ఇక కిడ్నీలో వచ్చే విల్మ్స్ అనే క్యాన్సర్ గడ్డ చాలాసార్లు స్నానం చేయిస్తున్న అమ్మ చేతికే తగులుతుంది.

తల్లి: క్యాన్సరని తెలిసినంక, గ్రహణం నాడు కడుపుతోటి బయటికి పోయినవన్నది మా అత్త. చుట్టుపక్కలోళ్లు పిల్లల్ని మా ఇంటికి పంపుడు బంద్ చేసిన్రు.

డాక్టర్: గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఇది అంటుకోదు కూడా. పెద్దవాళ్లకైతే పొగాకు లాంటి కారణాలు చెప్తాం. పిల్లల్లో ఎక్కువమందికి, వేగంగా పెరిగే కణాల జన్యువుల్లో మార్పులు వస్తాయి, వాటికి ఫలానాదే కారణమని చూపించలేం. పుట్టుకతో వచ్చిన జన్యులోపం దాదాపు పదిమందిలో ఒకరికే ఉంటుంది. తల్లి చేసిన తప్పేమీ లేదు. ఓపీలో రోజూ నేను మొదట చెప్పే మాట ఇదే.

యాంకర్: మందుల విషయంలో మనవాళ్లకు గర్వపడే చరిత్ర ఉంది కదా.

డాక్టర్: ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసేవారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి మెరుగైంది, అదీ కొన్నాళ్లే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ కోవదే మెథోట్రెక్సేట్. అది ఈ అమ్మ కొడుకు కూడా వేసుకున్నాడు. ఇంకో మందు విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. ఆకు నూరి తాగించకండి, అది విషం.

తల్లి: ప్రతి శనివారం ఆ పచ్చ గోళీలు. క్యాలెండర్ మీద పెన్నుతో సున్న చుట్టేదాన్ని. రోజేసే గోళీ సగానికి విరగ్గొట్టాలె. విరిగి పొడైతే భయం, ఎంత పోయిందో అని.

యాంకర్: మధ్యలో మానేద్దామనుకున్నారట?

తల్లి: నెలకు మంచిగైండు సార్. ఆడుతుండు, తింటుండు. మంచిగైండు కదా, ఇంకెందుకు అన్నడు మా ఆయన. హమాలీ పని ఆయనది, పోతేనే పైసలు. ఆడపిల్లనేమో మా అమ్మ దగ్గర ఇడిసిన.

డాక్టర్: మనం పిల్లల్ని పోగొట్టుకునేది ఇక్కడే. నెల తర్వాత మైక్రోస్కోపులో జబ్బు కనపడకపోవచ్చు, కానీ కణాలు మిగిలే ఉంటాయి. అందుకే రెండు, రెండున్నరేళ్ల వైద్యం. సంపన్న దేశాల్లో పిల్లల క్యాన్సర్లు 80 శాతానికి పైగా నయమవుతుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదు. ఆలస్యంగా రావడం, మధ్యలో ఆపేయడం, ఇన్ఫెక్షన్లు ఇందుకు పెద్ద కారణాలు. 2030 నాటికి కనీసం 60 శాతం పిల్లలు బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టింది.

సోషల్ వర్కర్: ఆరోగ్యశ్రీ కార్డు వైద్యానికి అక్కరకొస్తుంది. పోయిన కూలి, సిటీలో గది అద్దె ఎవరిస్తారు? సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ లాంటివి ఉచితంగా ఉండనిస్తాయి, కానీ అందరికీ చోటు దొరకదు. డేటుకు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాను. ఈ అక్కకు మూడుసార్లు చేశాను. నాలుగోసారి వాళ్లాయన ఎత్తారు. తిట్టలేదు, బస్సు డబ్బుల్లేవన్నారు.

యాంకర్: మరి పరిశోధన ఎందుకు? మందులున్నాయి కదా.

డాక్టర్: బోస్టన్‌లో పనిచేసిన డోసే బరువు తగ్గిన, రక్తం తక్కువున్న మన పిల్లాడికి ఇన్ఫెక్షన్ తేవచ్చు. మందు తగ్గిస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. ఎంత తగ్గించాలో మన పిల్లల్లోనే చూడాలి. ఒక్క ఆసుపత్రికి సరిపడా పిల్లలుండరు. అందుకే ఇండియన్ చైల్డ్‌హుడ్ కొలాబరేటివ్ లుకేమియా గ్రూపు పేరుతో దేశంలోని పెద్ద కేంద్రాలు కలిసి ఒకే పద్ధతిలో వైద్యం చేస్తూ లెక్కలు రాస్తున్నాయి. ఆ లెక్కలు రాసే డేటా ఉద్యోగికి జీతం దొరకడమే గగనం. విరాళమంటే అందరూ మందులే అనుకుంటారు. దీనికీ ఇవ్వండి.

యాంకర్: చూసేవాళ్లు రేపే చేయగలిగింది?

సోషల్ వర్కర్: ప్లేట్‌లెట్లు ఇవ్వడం. రక్తం కారకుండా ఆపే కణాలివి. ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. శిబిరం పెట్టి ఒకేరోజు వంద మంది ఇస్తే, వారం తర్వాత అడిగే తల్లికి ఏమీ మిగలదు. పేరు, ఫోన్ నంబరు బ్లడ్ బ్యాంకులో ఇచ్చి ఉంచండి. పిలిచినప్పుడు రండి.

తల్లి: మావోనికి ముక్కుల నుంచి రక్తం ఆగనప్పుడు ఒక కాలేజీ పిలగాడు వచ్చిండు. చేతిల హెల్మెట్ అట్లనే ఉన్నది. ఇచ్చినంక పిల్లగాడు ఏ తరగతి అనడిగిండు. ఇంకా బడికి పోతలేడని చెప్పిన.

యాంకర్: ఇప్పుడు?

తల్లి: ఆరో తరగతి. మందులు ఆపి నాలుగేండ్లు దాటింది. చెకప్ తారీఖు మా అత్తనే యాది చేస్తది.