బ్లాక్ అండ్ వైట్ ఫోటో ప్రింట్లలో గీతలు: ఏ పరిష్కారం ఎంతవరకు పనిచేస్తుంది? రివ్యూ

నమస్కారం. ఇంక్‌జెట్ ప్రింటర్‌పై తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోల్లో సన్నని గీతలు, పట్టీలు పడటాన్ని బ్యాండింగ్ అంటున్నాం. దాన్ని పోగొట్టడానికి స్టూడియోల్లోనూ ఇళ్లలోనూ వాడుతున్న పరిష్కారాలను పరీక్షించి, ఏది ఏ సందర్భంలో పనికొస్తుందో, ఏది ఇంకును వృథా చేయడం తప్ప మరేమీ చేయదో ఈ రివ్యూలో చెబుతాను. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా స్టూడియోలకు బ్లాక్ అండ్ వైట్ పని ఎక్కువగా వచ్చేది పెద్దల పాత ఫోటోల రూపంలోనే. ఇంట్లో తాతగారి ఫోటో ఒక్కటే మిగిలి ఉంటుంది. దశదిన కర్మ నాటికి దాన్ని పెద్దది చేసి ఫ్రేమ్ కట్టించాలి. ఆ ఫోటోల్లో వెనక ఉండేది సాదా బూడిదరంగు తెర కాబట్టి, గీత పడితే ముందు తెర మీద, ఆ తర్వాత నుదుటి మీద కనిపిస్తుంది. రంగుల పెళ్లి ఫోటోలో ఎవరూ గమనించని లోపం ఇక్కడ ఏళ్ల తరబడి గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది. అందుకే దీన్ని చిన్న విషయంగా నేను చూడలేను.

పరీక్షకు మూడు ఫోటోలను ఎంచుకున్నాను. మొదటిది పానగల్ ఛాయా సోమేశ్వరాలయ గర్భగుడిలో పగలంతా నిలిచే నీడ. రెండవది నాగార్జునసాగర్ జలాశయం మీద మబ్బులేని ఆకాశం. మూడవది మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడలు, ఆకులు. మూడింటినీ ఒకే ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్‌పై, ఒకే గ్లాసీ పేపర్‌పై, ఏ4 సైజులో తీశాను. పిల్లలమర్రి ప్రింట్‌లో భూతద్దం పెట్టి వెతికినా గీత దొరకలేదు. అదే ప్రింటర్ వెంటనే తీసిన ఆకాశంలో మాత్రం చేతిదూరం నుంచే గీతలు కనిపించాయి. ఆకుల సందడిలో దాక్కునే లోపం చదునైన బూడిదరంగులో దాక్కోలేదు కాబట్టి, పరీక్షకు ఎప్పుడూ ఆకాశం, గోడ, తెర వంటి ఫోటోనే వాడండి.

బ్లాక్ అండ్ వైట్‌లోనే ఇది ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందంటే, రంగుల ఫోటోలో ఒక్కో చోట నాలుగైదు ఇంకులు కలిసి పడతాయి కనుక ఒక నాజిల్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రం) మూసుకుపోయినా మిగతా ఇంకులు ఆ ఖాళీని చాలావరకు కప్పేస్తాయి. ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లో గ్రేస్కేల్ ఎంచుకుని నల్ల ఇంకు ఒక్కదానితోనే ప్రింట్ తీస్తే ఆ కప్పు ఉండదు. ఒక్క నాజిల్ ఆగినా తెల్లగీత పడుతుంది. అన్ని రంగులూ కలిపి బూడిదరంగు తెప్పిస్తే గీతకు రంగు వస్తుంది. మెజెంటా (ముదురు గులాబీ) ఆగితే ఆకుపచ్చగా, సయాన్ (ఆకాశనీలం) ఆగితే ఎర్రగా, పసుపు ఆగితే నీలంగా కనిపిస్తుంది. గీత రంగును చూసి ఏ ఇంకులో తేడా ఉందో చెప్పవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. గీత కనిపించగానే చాలామంది హెడ్ క్లీనింగ్ (నాజిళ్ల గుండా ఇంకు లాగి వాటిని శుభ్రం చేసే ఆదేశం) నొక్కుతారు. నా అభిప్రాయంలో అది ముందుగా చేయవలసిన పని కాదు. ముందు కంప్యూటర్‌లో ఫోటోను 90 డిగ్రీలు తిప్పి, అదే ఆకాశాన్ని మరొకసారి ప్రింట్ తీయండి. ఫోటోతో పాటు గీతలు కూడా తిరిగితే లోపం ఫైల్‌లో ఉంది. ప్రింటర్‌ను ఎంత కడిగినా అది పోదు. ఫోటో తిరిగినా, గీతలు మాత్రం ప్రింట్ హెడ్ కదిలే దిశలోనే నిలిచిపోతే లోపం ప్రింటర్‌లో ఉంది. ఒక్క కాగితం ఖర్చుతో సగం సందేహం తీర్చే ఈ పరీక్షకు ఈ రివ్యూలో మొదటి స్థానం ఇస్తున్నాను.

ఫైల్‌లోని లోపం చాలాసార్లు ఎడిటింగ్‌లో పుడుతుంది. 8 బిట్ ఫైల్‌లో తెలుపు నుంచి నలుపు దాకా ఉండేవి 256 మెట్లు మాత్రమే. ఆకాశం 200వ మెట్టు నుంచి 240వ మెట్టు వరకే వ్యాపించి, కాగితం మీద 20 సెంటీమీటర్ల ఎత్తు ఆక్రమిస్తే, ఒక్కో మెట్టుకు 5 మిల్లీమీటర్ల పట్టీ వస్తుంది. వెలిసిపోయిన పాత ఫోటోను స్కాన్ చేసి కాంట్రాస్ట్‌ను గట్టిగా పెంచినప్పుడు ఆ మెట్ల మధ్య దూరం ఇంకా పెరిగి, పట్టీలు కంటికి స్పష్టంగా తగులుతాయి. స్కాన్‌నే 16 బిట్‌లో తీసుకుని, దిద్దుబాట్లన్నీ 16 బిట్‌లోనే పూర్తి చేసి, చివర్లో కొద్దిగా గ్రెయిన్ (నూక లాంటి సన్నని చుక్కలు) కలిపితే పట్టీలు పోతాయి. ఇది పూర్తిగా పనిచేసే పరిష్కారం. అయితే వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకు ఇది వర్తించదు. అక్కడ మెట్లు ఎప్పుడో పోయాయి కాబట్టి, కుటుంబాన్ని అసలు ఫోటో తెచ్చి ఇమ్మని మర్యాదగా అడగడమే దారి. స్కానర్ అద్దం అంచున దుమ్ము ఉన్నా ఒక నిలువు చార స్కాన్‌లోకి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

గీతలు ప్రింటర్ వైపే తేలితే, అప్పుడు నాజిల్ చెక్, అంటే ప్రతి నాజిల్ ఒక చిన్న గీత గీసే నమూనా ప్రింట్, తీయాలి. నమూనాలో ఎక్కడైనా తెగిన గీత ఉంటే హెడ్ క్లీనింగ్ సరైన మందు. తెగకుండా ఉంటే అది శుద్ధ దండగ. లేత బూడిదరంగు, పసుపు నమూనాలు తెల్లకాగితంపై కనిపించవు కనుక వాటిని భూతద్దంతో చూడాలి. పసుపును నీలి వెలుతురులో చూస్తే నల్లగా స్పష్టపడుతుంది. మూడు క్లీనింగ్‌ల తర్వాత కూడా నమూనా నిండకపోతే, కొన్ని ట్యాంక్ ప్రింటర్ల మాన్యువళ్లు చెప్పినట్టు కనీసం 12 గంటలు ఆపి మళ్లీ ప్రయత్నించండి. వరసగా నొక్కుతూ పోతే ఇంకు, వ్యర్థపు ఇంకును పీల్చుకునే ప్యాడ్‌లోకి చేరుతుంది, ఆ ప్యాడ్ నిండితే ప్రింటర్ ఆగిపోతుంది.

మన ప్రాంతపు ఎండకు ఇందులో పాత్ర ఉంది. చాలా ఫోటో ప్రింటర్లను 10 నుంచి 35 డిగ్రీల వేడి, 20 నుంచి 80 శాతం గాలి తేమ మధ్య వాడాలని చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారుతుంది, నాజిళ్లలో ఇంకు ఎండుతుంది. దీనికి తోడు చాలా దుకాణాల్లో రాత్రికి ప్రింటర్ బటన్ నొక్కకుండా గోడ స్విచ్చే ఆపేస్తారు. ప్రింట్ మధ్యలో అలా ఆపినా, కరెంటు పోయినా హెడ్ తన మూత మీదికి చేరదు, నాజిళ్లు తెరిచే ఉండి ఎండుతాయి. బటన్‌తో ఆపడం, వారానికి ఒకసారైనా అన్ని రంగులూ పడే చిన్న ప్రింట్ తీయడం ఖర్చులేని అలవాట్లు. ఏ క్లీనింగ్ కంటే వీటికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

నాజిల్ చెక్ నిండుగా ఉన్నా సమాన దూరంలో గీతలు పడుతుంటే, కాగితం జరిగే కొలత తప్పిందని అర్థం. పొలం దున్నేటప్పుడు సాలు మీద సాలు పడినా, సాలుకు సాలుకు మధ్య దున్నని నేల మిగిలినా దూరం నుంచే తెలిసిపోతుంది, ఇక్కడా అంతే. కాగితం తక్కువ జరిగితే రెండు వరసలు కలిసిన చోట నల్లగీత, ఎక్కువ జరిగితే తెల్లగీత పడుతుంది. స్కేలుతో గీతల మధ్య దూరం కొలవండి. అది ప్రింట్ మొత్తం ఒకేలా ఉంటే, ప్రింటర్ మెనూలోని పేపర్ ఫీడ్ సర్దుబాటుతోనో, హెడ్ అలైన్‌మెంట్‌లోని అడ్డగీతల నమూనాతోనో సరిచేయవచ్చు. నా పరీక్షలో ఆకాశపు గీతలను దాదాపు పూర్తిగా తీసేసింది ఈ సర్దుబాటే. చివరి రెండు మూడు సెంటీమీటర్లలో మాత్రమే గీతలుంటే, అక్కడ కాగితం వెనక రోలర్‌ను వదిలేసిందన్న మాట. దానికి సర్దుబాటు లేదు. పెద్ద కాగితంపై తీసి అంచు కత్తిరించుకోవాలి.

కాగితం జరిగే దిశలోనే చారలు పడితే ఎన్‌కోడర్ స్ట్రిప్‌ను చూడండి. హెడ్ వెనక అడ్డంగా బిగించిన పారదర్శకమైన ఆ పట్టీ మీద ఇంకు తుంపర పడితే హెడ్ తన స్థానాన్ని తప్పుగా లెక్కిస్తుంది. దాన్ని నూలుపోగులు రాలని గుడ్డతో మెల్లగా తుడవాలి. స్పిరిట్ వాడితే పట్టీ మీది సన్నని గుర్తులు చెరిగిపోవచ్చు. నీళ్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. లవణాలు, ఫ్లోరైడ్ నిండిన మన బోరునీళ్లు ఆరాక తెల్లని పొర మిగులుస్తాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడండి.

సెట్టింగుల్లో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది హై స్పీడ్ ఆపేయడం. అది ఆపితే హెడ్ ఒకే దిశలో ఇంకు చల్లుతుంది. సమయం బాగా పెరుగుతుంది, అయినా ఫ్రేమ్ కట్టే ఫోటోకు ఆ సమయం ఇవ్వాలి. అత్యున్నత నాణ్యత ఎంచుకుంటే ఒకే చోటికి హెడ్ ఎక్కువసార్లు వస్తుంది, ఒక తప్పు వరసను మిగతావి కప్పుతాయి. పేపర్ రకాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఎంచుకోవాలి, ఎందుకంటే ఇంకు పరిమాణం దాని మీదే ఆధారపడుతుంది. రిజల్యూషన్ విషయంలో ఎప్సన్ ప్రింటర్లకు 360 లేదా 720, కెనాన్‌కు 300 లేదా 600 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) ఇవ్వడం మంచిదే గానీ, దాని వల్ల గీతలు పోతాయని ఆశపడవద్దు. నా ప్రింట్లలో తేడా కనిపించలేదు.

చివరిగా, బ్లాక్ అండ్ వైట్ పనే ఎక్కువగా చేసేవారు కొత్త ప్రింటర్ కొనేటప్పుడు బూడిదరంగు ఇంకులు ఉన్నదానినే చూడండి. ఎప్సన్ ష్యూర్‌కలర్ పీ700, పీ900లలో నలుపుతో పాటు రెండు బూడిదరంగులు ఉంటాయి. కెనాన్ జీ570 వంటి ట్యాంక్ ప్రింటర్‌లో ఒకటి ఉంటుంది. లేత ఛాయలకు లేత ఇంకే పడటం వల్ల నల్లచుక్కలు విడివిడిగా కనిపించవు, ఒక నాజిల్ ఆగినా గీత అంత గాఢంగా పడదు. బూడిదరంగు ఇంకు లేకుండా, సయాన్, మెజెంటాల లేత రంగులు మాత్రమే అదనంగా ఉన్న ఆరు రంగుల ప్రింటర్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, మార్చవలసిన అవసరం లేదు. గ్రేస్కేల్ బదులు కలర్ మోడ్‌లో, ఆ పేపర్‌కు తగిన, రంగులను సరిచూసే ప్రొఫైల్‌తో తీయండి. ప్రింట్‌ను ఒక రోజు ఆరనిచ్చాక పగటి వెలుతురులో ఛాయ చూసి, ఆకుపచ్చగానో ఎర్రగానో తేలితే ఫైల్‌లో కొద్దిగా సరిదిద్ది, అప్పుడు పెద్ద సైజు తీయండి.