ఒక రోజు, ఒక ఊరు: మ్యూనిక్ నుంచి ఆగ్స్‌బర్గ్ దాకా

అందరికీ నమస్కారం.

మ్యూనిక్‌కి కొత్తగా వచ్చిన మన పిల్లలు శని, ఆదివారాలకు వేసుకునే ప్లాన్లు చూస్తుంటాను. రెండు రోజుల్లో మూడు దేశాలు. రాత్రంతా బస్సు, పొద్దున ఒక కోట ముందు ఫొటో, మధ్యాహ్నం ఇంకో చర్చి ముందు ఫొటో. వయసులో ఉన్నారు, తిరగండి, నేను కాదనను. ఈ రోజు మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఒక్క ఆదివారం ఎక్కడికీ పరుగెత్తకుండా, మామూలు రీజనల్ రైలెక్కి పక్కనున్న ఆగ్స్‌బర్గ్‌కి వెళ్లండి. చీకటి పడేదాకా ఆ ఊళ్లోనే ఉండండి.

ముందు టికెట్ సంగతి. మీలో చాలామంది దగ్గర డాయ్చ్‌లాండ్ టికెట్ ఉంది. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది. తర్వాత ధర పెరిగింది కానీ దేశమంతటా రీజనల్ రైళ్లకూ, ట్రాములకూ, సిటీ బస్సులకూ అదొక్కటే సరిపోతుంది. ఐసీఈ, అంటే వేగంగా పోయే దూరప్రయాణం రైలు, ఎక్కడానికి మాత్రం పనికిరాదు. అది లేనివాళ్లు ఐదుగురి దాకా కలిసి బయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రంలో ఒక రోజు తిరిగే టికెట్, కొనుక్కోవచ్చు. పని రోజుల్లో ఉదయం 9 దాటాకే చెల్లుతుంది, శని, ఆదివారాల్లో ఆ షరతు లేదు. టికెట్ మీద అందరి పేర్లూ రాయడం మర్చిపోకండి.

ఐసీఈ అరగంటలో దింపేస్తుంది. రీజనల్ రైలుకు ముప్పావుగంట, కొంచెం అటూ ఇటూ. ఆ పావుగంట తేడాలోనే పొలాలు, మామెన్‌డోర్ఫ్, మేరింగ్ లాంటి చిన్న స్టేషన్లు, సైకిళ్లతో ఎక్కే కుటుంబాలు కనిపిస్తాయి. ఈ లైను 1840లో పూర్తయింది. మన దేశంలో తొలి ప్యాసింజర్ రైలు నడవడానికి ఇంకా పదమూడేళ్లుంది. ఊరు దగ్గరపడ్డాక, హోహ్‌ట్సోల్ స్టేషన్ దాటగానే రైలు ఒక నది మీదుగా వెళ్తుంది. అది లెఖ్. ఫోన్ పక్కన పెట్టి ఆ నదిని ఒకసారి చూడండి. రోజంతా ఊళ్లో మీకు ఎదురయ్యేవి దాని నీళ్లే.

దిగాక అందరూ నడిచేది రాట్‌హౌస్, అంటే టౌన్ హాలు వైపు. ఎలియాస్ హోల్ అనే వాస్తుశిల్పి 1615లో మొదలుపెట్టిన భవనం అది. లోపల బంగారు పూతల హాలు 1944 బాంబు దాడిలో కాలిపోతే మళ్లీ తీర్చిదిద్దారు. చూడండి, బాగుంటుంది. కానీ నా ప్రాణమంతా అక్కడికి పది నిమిషాల నడకలో ఉన్న ఫుగ్గరైలో ఉంది.

పసుపు గోడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, వరసగా చిన్న చిన్న ఇళ్లు. 1521లో యాకోబ్ ఫుగ్గర్ అనే వ్యాపారి ఊళ్లో కష్టపడి పనిచేసుకునే పేదవాళ్ల కోసం రాసిచ్చిన పేట ఇది. ఇప్పటికీ అందులో దాదాపు 150 మంది కాపురం ఉంటున్నారు. అద్దె అప్పుడు ఒక రైన్ గిల్డర్ అనే నాణెం, ఇప్పుడు దాన్నే 88 సెంట్లుగా లెక్కకట్టారు. నెలకు కాదు, ఏడాదికి. కరెంటు, హీటింగ్ ఖర్చులు ఎవరివి వాళ్లు పెట్టుకోవాలి. మ్యూనిక్‌లో ఒక గది కోసం ఎన్ని మెయిళ్లు పెట్టారో, ఎన్నిసార్లు లేదనిపించుకున్నారో గుర్తుచేసుకుని ఈ అంకె వినండి.

షరతులున్నాయి. ఆగ్స్‌బర్గ్ వాసి అయ్యుండాలి, నిజంగా అవసరం ఉండాలి, క్యాథలిక్ అయ్యుండాలి. కట్టించినవాళ్ల కుటుంబం కోసం రోజుకు మూడు ప్రార్థనలు చేయాలి. రాత్రి 10 గంటలకు గేటు వేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు కావలివాళ్లకు చిల్లర ఇచ్చి లోపలికి వెళ్లాలి. మొజార్ట్ ముత్తాత ఫ్రాంజ్ తాపీ మేస్త్రీ. చితికిపోయిన రోజుల్లో ఆయన తలదాచుకున్నదీ ఇక్కడే.

తలుపుల దగ్గర కాసేపు ఆగండి. పక్కన గంట లాగడానికి ఇనప కడ్డీలు వేలాడుతుంటాయి. ఒకదాని పిడి మూడాకుల ఆకారంలో ఉంటే ఇంకోదానిది ఇంకో ఆకారం. వీధి దీపాలు లేని కాలంలో చీకట్లో చేత్తో తడిమి ఎవరి గుమ్మం వాళ్లు గుర్తుపట్టేవాళ్లని చెబుతారు. ఇంకొకటి కూడా గమనించండి. కింది ఇంటికీ పై ఇంటికీ వీధిలోకి వేర్వేరు తలుపులు. పేదవాళ్లకు కట్టించేది కదా, అందరికీ కలిపి ఒక దారి చాల్లే అని ఆనాడు అనుకోలేదు. అప్పుల్లో ఉన్న మనిషికి కూడా తన గుమ్మం తనకుండాలని ఐదొందల ఏళ్ల కిందట ఒకరికి తోచింది. అక్కడ నిలబడితే నాకు మనసు నిండిపోతుంది.

అలాగని ఫుగ్గర్‌ని దేవుణ్ణి చేయను. ఆ డబ్బు వెండి, రాగి గనుల నుంచి, రాజులకిచ్చిన అప్పుల నుంచి వచ్చింది. 1519లో ఐదో చార్లెస్ పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తిగా ఎన్నికవడానికి సుమారు 8 లక్షల 50 వేల గిల్డర్లు ఖర్చయితే, అందులో 5 లక్షల 40 వేలకు పైగా ఈయనే సర్దాడు. ఆ సొమ్ము ఓటు వేసే ప్రభువుల చేతుల్లోకే వెళ్లింది. మన దేశంతోనూ ఈ ఊరికి సంబంధం ఉంది. 1505లో అల్మైదా అనే సేనాని నాయకత్వంలో లిస్బన్ నుంచి ఇండియాకు బయల్దేరిన పోర్చుగీసు ఓడల్లో ఇక్కడి వ్యాపార కుటుంబాలు వెల్సర్లు, ఫుగ్గర్లు పెట్టుబడి పెట్టారు. మిరియాల కోసం. వెల్సర్ల తరఫున బాల్తసార్ ష్ప్రెంగర్ అనే ఆయన మలబారు తీరం దాకా వెళ్లొచ్చి తన ప్రయాణాన్ని అచ్చువేయించాడు. ఆగ్స్‌బర్గ్ చిత్రకారుడు హాన్స్ బుర్క్‌మైర్ ఇండియా ముఖం చూడకుండానే 1508లో కొచ్చి రాజు ఊరేగింపును చెక్క అచ్చులతో బొమ్మకట్టాడు. ఫుగ్గరై గోడల మధ్య తిరుగుతున్నప్పుడు ఆ మిరియాలు కూడా మీకు గుర్తుండాలి.

ఇక నీళ్లు. 2019లో యునెస్కో ఈ ఊరి నీటి వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం 22 చోట్లు. ఒక్క రోజులో అన్నీ చూడాలని పంతం పట్టకండి. రాట్‌హౌస్ వెనక దిగువకు దిగితే లెఖ్ పేట వస్తుంది. నది నుంచి తీసిన కాలువలు వీధుల వెంటే పారుతుంటాయి. కొన్ని ఇళ్ల గుమ్మాల్లోకి వెళ్లాలంటే కాలువ మీది చిన్న వంతెన దాటాలి. ఆ నీళ్లే మరలు తిప్పాయి, నేతగాళ్లకూ తోళ్ల పనివాళ్లకూ బతుకునిచ్చాయి. ఎలియాస్ హోల్ 1609లో కట్టిన మాంసం మార్కెట్ భవనం చూడండి. దాని కిందుగా కాలువ పోనిచ్చాడు. పైన మాంసం చల్లగా ఉండాలి, వ్యర్థాలు ఎప్పటికప్పుడు కొట్టుకుపోవాలి. ఫ్రిజ్ పుట్టకముందు మాట.

ఎర్ర ద్వారం అనే పాత ఊరి గేటు దగ్గర పాత నీటి బురుజులున్నాయి. నీటి చక్రాలతో పంపులు నడిపి తాగునీటిని బురుజుల పైకి ఎక్కించి, అక్కణ్నుంచి ఊళ్లోకి వదిలేవారు. తాగే నీళ్లనూ, పనులకు వాడే నీళ్లనూ 1545 నాటికే వేరు చేశారు. వేసవి వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టిన వీధుల నుంచి వచ్చినవాళ్లం మనలో చాలామంది ఉన్నాం. ఈ బురుజు ముందు నిలబడ్డప్పుడు ఆ తేదీ ఎంత బరువైనదో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. లోపలికి అన్ని రోజులూ వెళ్లనివ్వరు, ముందే చూసుకుని వెళ్లండి.

డీజిల్ ఇంజన్ పుట్టింది కూడా ఈ ఊరి ఫ్యాక్టరీలోనే. రుడాల్ఫ్ డీజిల్ 1893 నుంచి 1897 దాకా ఇక్కడ దానితో కుస్తీ పట్టాడు. పొలంలో ఆయిల్ ఇంజన్ చప్పుడు వింటూ పెరిగినవాళ్లు ఇక్కడి మ్యూజియం తెరిచి ఉండే రోజు ముందే చూసుకుని, అందులో ఒక గంట గడపండి.

చివరగా రెండు చర్చిలు. మాక్సిమిలియన్ వీధి కొసన క్యాథలిక్కుల ఉల్రిహ్ చర్చి, దానికి ఆనుకునే ప్రొటెస్టెంట్ల ఉల్రిహ్ చర్చి. రెండూ ఒకే పేరుతో, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టుంటాయి. అంత తేలిగ్గా రాలేదు ఆ పొందిక. లూథర్ పక్షం వాళ్లు, అంటే ప్రొటెస్టెంట్లు, తమ విశ్వాస ప్రకటనను 1530లో చక్రవర్తి ముందు చదివింది ఇక్కడే, 1555లో రెండు పక్షాల మధ్య ఆగ్స్‌బర్గ్ ఒప్పందం కుదిరిందీ ఇక్కడే. అయినా 1629 ఆగస్టు 8న ఇక్కడి ప్రొటెస్టెంట్ల ఆరాధనను నిషేధించారు. ముప్పై ఏళ్ల యుద్ధం 1648లో ముగిశాక గానీ ఆ హక్కు గట్టిపడలేదు. 1650 నుంచి ఆ ఆగస్టు 8నే శాంతి పండుగ చేసుకుంటున్నారు. జర్మనీ మొత్తంలో ఆగ్స్‌బర్గ్ నగరానికి మాత్రమే ఉన్న సెలవు అది.

ఆ రోజు రాట్‌హౌస్ ముందు పొడవాటి బల్లలు వేస్తారు. ఎవరి ఇంటి వంట వాళ్లు తెచ్చుకుని పక్కవాళ్లతో పంచుకుంటారు. మ్యూనిక్‌కి సెలవు లేదు కాబట్టి పని రోజైతే లీవ్ పెట్టాలి, ఆగ్స్‌బర్గ్‌లో షాపులు కూడా మూసి ఉంటాయి. వచ్చే ఆగస్టులో మనం ఒక గిన్నె పులిహోర కలుపుకుని వెళ్దాం. వచ్చేవాళ్లు టీ తాగేటప్పుడు నా దగ్గర పేరు ఇవ్వండి, బయర్న్ టికెట్‌కి ఐదుగురేసి జట్లు కట్టుకుందాం.