మూసేసిన గ్యాస్ బావి గట్టిగానే మూశారా? శ్రోతల ప్రశ్నలు, ఇంజనీరు గారి జవాబులు

(రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షరరూపం. జవాబులు చెప్పినవారు చమురు, గ్యాస్ బావుల సిమెంటింగ్ పని చేసి రిటైరైన ఇంజనీరు. ఫోన్ చేసినవారి పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో, కృష్ణా డెల్టాలో పొలాల మధ్య గ్యాస్ బావులు మనందరికీ అలవాటే. కొన్నిటిలో గ్యాస్ అయిపోయింది, కొన్నిటిలో అసలు పడనే లేదు. అలాంటివాటిని కంపెనీలు మూసేసి వెళ్లిపోతాయి. మూశారు సరే, సరిగ్గా మూశారని మనకెలా తెలుస్తుంది? ఇవాళ్టి ప్రశ్న అదే. సార్, మొదటి కాల్ రాజోలు వైపు నుంచి. చెప్పండి, మాట్లాడండి.

శ్రోత: నమస్కారమండి. మా నాన్నగారి రోజుల్లో కంపెనీ వాళ్లు మా పొలం లీజుకు తీసుకుని బావి వేశారండి. కొన్నేళ్లు గ్యాస్ తీసి ఆపేశారు. ఇప్పుడు బావి మూసేశాం, భూమి తిరిగి ఇచ్చేస్తాం అంటున్నారు. కొబ్బరి మొక్కలు వేద్దామని నా ఆలోచన. మా ఆవిడేమో ససేమిరా అంటోందండి. వాళ్ల పుట్టిల్లు పాశర్లపూడి పక్కనే.

ఇంజనీరు: ఆవిడ భయంలో తప్పేం లేదండి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అంటుకున్న మంట రెండు నెలలు దాటి మండింది. కళ్లారా చూసినవాళ్లు ఎలా మర్చిపోతారు? అయితే అది బావి తవ్వుతుండగా గ్యాస్ ఎగదన్ని వచ్చిన బ్లోఔట్. మూసేసిన బావితో వచ్చే ప్రమాదం వేరు. అది నెమ్మదిగా, చప్పుడు లేకుండా, ఏళ్ల తరబడి జరిగే లీకు. సరే, ఒక మాట చెప్పండి. ఇప్పుడు మీ సైట్‌లో పైకి ఏం కనబడుతోంది?

శ్రోత: చుట్టూ కంచె ఉందండి. మధ్యలో సిమెంటు గొయ్యి. అందులోంచి లావుపాటి పైపు, దాని మీద చక్రాల వాల్వులు ఒకదాని మీద ఒకటి. నా ఎత్తు ఉంటుందండి.

ఇంజనీరు: పక్కకి సన్న పైపు, దానికి గేజ్ ఏమైనా ఉందా?

శ్రోత: ఆయ్, ఉందండి. అద్దం మసకబారిపోయింది గానీ ముల్లు కనిపిస్తుంది. సున్నా మీద లేదండి, కాస్త పైకే ఉంది.

ఇంజనీరు: అయితే మీ బావి ఇంకా శాశ్వతంగా మూయలేదండి. ఆ వాల్వుల దొంతరని మా వాళ్లు క్రిస్మస్ ట్రీ అంటారు. అది ఉందంటే బావిని కట్టేశారు, అంతే. దాన్ని షట్-ఇన్ అంటాం. శాశ్వతంగా మూస్తే ఆ ట్రీ ఉండదు. లోపల సిమెంట్ ప్లగ్గులు, అంటే బిరడాల్లాంటి సిమెంట్ దిమ్మెలు వేసి, పరీక్షించి, పైపుని నేలమట్టానికి కిందికి కోసేసి, మీద ఉక్కు రేకు వెల్డింగ్ చేసి మట్టి కప్పుతారు. ‘మూసేశాం’ అనే మాట ఈ రెంటికీ వాడేస్తారు. మీరు సంతకం పెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: తాత్కాలికంగా మూశారా, శాశ్వతంగా మూశారా?

శ్రోత: మరి ఆ ముల్లు సంగతేంటండి?

ఇంజనీరు: బావిలో ఒక పైపు ఉండదండి. పెద్ద పైపులో చిన్నది, దానిలో ఇంకా చిన్నది. వీటిని కేసింగ్ అంటారు. కేసింగ్ చుట్టూ ఉండే సందుల్లో అడుగున సిమెంట్ పోస్తారు. పక్కన ఉన్న గేజ్ సాధారణంగా ఆ సందులో ఒత్తిడి చూపిస్తుంది. వాల్వు తెరిచి ఒత్తిడి వదిలేశాక ముల్లు సున్నాకి దిగి, మళ్లీ కొన్ని గంటల్లోనో రోజుల్లోనో పైకి వచ్చిందనుకోండి, కింద ఎక్కడో సిమెంట్‌లోనో పైపులోనో దారి ఉందన్నమాట. గేజ్ పాడైపోయి కూడా అలా ఆగిపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, మీరు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. ఫోటో తీసి, తేదీ వేసి, కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. శాశ్వతంగా మూసి, ఆ పరీక్షల కాగితాలు మీ చేతికిచ్చేదాకా భూమి వెనక్కి తీసుకున్నట్టు సంతకం పెట్టకండి.

వ్యాఖ్యాత: ఆ పరీక్షలేమిటో మా శ్రోతలకి కాస్త విడమరిచి చెప్పండి సార్. కాకినాడ నుంచి పెట్రోలియం ఇంజనీరింగ్ విద్యార్థిని కూడా లైన్లో ఇదే అడుగుతోంది.

విద్యార్థిని: నమస్తే సార్. ప్లగ్ వేశాక సిమెంట్ గట్టిపడే సమయం ఇస్తారు కదా. అది గట్టిపడితే చాలదా? విడిగా పరీక్ష ఎందుకు?

ఇంజనీరు: గట్టిపడటం ఒక్కటే చాలదమ్మా. నువ్వు పోసిన సిమెంట్ రెండు మూడు కిలోమీటర్ల కింద ఉంటుంది. గట్టిపడేలోగా కిందికి జారొచ్చు, అక్కడున్న మడ్‌తో, అంటే బావిలో నింపి ఉంచే బురదలాంటి ద్రవంతో, కలిసి పలచబడొచ్చు, గ్యాస్ దానిలోంచి దూరి దారి చేసుకోవచ్చు. అందుకని ముందు డ్రిల్ పైపు దించి ప్లగ్ మీద బరువు ఆనిస్తారు. ట్యాగ్ చేయడం అంటారు. సిమెంట్ అనుకున్న లోతులోనే ఉందా, బరువు ఆపుతోందా అనేది తేలిపోతుంది. అమెరికాలో సముద్రంలోని బావులకి నిబంధన ఏమిటంటే, కనీసం 15,000 పౌండ్ల బరువు పెట్టాలి, అంటే దాదాపు 6,800 కిలోలు. లేదంటే పంపుతో 1,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఎక్కించి చూడాలి. 15 నిమిషాల్లో 10 శాతానికి మించి తగ్గకూడదు.

విద్యార్థిని: అంటే పైనుంచి నొక్కి చూడటం. కానీ గ్యాస్ వచ్చేది కిందనుంచి కదా సార్?

ఇంజనీరు: శభాష్! అసలు విషయం పట్టుకున్నావు. అందుకే ఇన్‌ఫ్లో టెస్ట్ అని ఇంకోటి ఉంది. ప్లగ్ పైనున్న ద్రవం బరువు తగ్గించి, కిందనుంచి ఏమైనా తోసుకొస్తుందేమో గమనిస్తారు. గ్యాస్ పొరకి దగ్గరగా ఉన్న ప్లగ్‌కి ఈ పరీక్ష చేయకుండా వదిలేస్తే నాకు మనసొప్పదు. ఇక పైపు బయట ఉన్న సిమెంట్‌ని చూడాలంటే బాండ్ లాగ్. శబ్ద తరంగాలు పంపి, పైపుకి సిమెంట్ అంటుకుని ఉందా లేదా చూస్తారు. దానికీ హద్దులున్నాయి. రెండు పైపులు ఒకదానిలో ఒకటి ఉంటే బయటి పైపు వెనక ఏముందో మామూలు లాగ్‌కి సరిగ్గా అందదు. పైగా, లాగ్ తీయడం వేరు, దాన్ని నిజాయితీగా చదవడం వేరు. బాగున్న ముక్క చూపించి మొత్తం బాగుందనే నివేదికలు రాస్తే నష్టపోయేది ఆ పొలం యజమాని.

విద్యార్థిని: చివరికి పైన కూడా ఏమైనా చూస్తారా సార్?

ఇంజనీరు: చూడాలి. కెనడాలో అల్బర్టా రాష్ట్రంలో ఒక పద్ధతుంది. బయటి సందుకి గొట్టం తగిలించి, దాని కొస నీళ్లలో ముంచి, 10 నిమిషాలు బుడగల కోసం కాపలా కాస్తారు. సైకిల్ ట్యూబుని నీళ్ల తొట్టిలో పెట్టి పంక్చర్ వెతికినట్టే. ఖరీదైన సామానేం అక్కర్లేదు. నా అభిప్రాయం ఏమిటంటే, పైపు కోసి పూడ్చేముందు కొన్ని నెలలు ఆగి, మధ్యమధ్యలో ఈ పరీక్ష చేస్తూ గేజ్ చూస్తూ ఉండాలి. ఒకసారి కోసి మట్టి కప్పేశాక కొలవడానికి ఇంకేం మిగలదు. రిగ్గుకి, అంటే బావి పని చేసే పెద్ద యంత్రానికి, రోజువారీ అద్దె ఉంటుంది కాబట్టి పని తొందరగా ముగించాలని ఒత్తిడి ఉంటుంది. కానీ ఆగి గమనించడానికి రిగ్గు అక్కడే ఉండక్కర్లేదు కదా.

వ్యాఖ్యాత: మంచి ప్రశ్నలమ్మా, థాంక్యూ. తర్వాతి కాల్ అమెరికా, హ్యూస్టన్ నుంచి.

శ్రోత: నమస్తే అండి. మేం ఊరి శివార్లలో ఇల్లు కొనుక్కుందామని చూస్తున్నాం. స్థలం వెనకాల పాత ఆయిల్ బావి ఉందట, మూసేశారట. ఏజెంట్ ‘అన్నీ రికార్డులో ఉన్నాయి, టెన్షన్ పడకండి’ అంటున్నారు. నమ్మొచ్చా?

ఇంజనీరు: రికార్డు ఉంటే మీరే చూడొచ్చమ్మా. టెక్సస్‌లో చమురు బావుల మీద అధికారం రైల్‌రోడ్ కమిషన్‌ది. పేరు చూసి రైళ్ల ఆఫీసనుకోకండి. వాళ్ల వెబ్‌సైట్‌లో బావుల మ్యాప్ అందరికీ తెరిచే ఉంటుంది. మీ బావి గుర్తు మీద నొక్కి, డబ్ల్యూ-3 అనే ఫారం వెతకండి. ప్లగ్గులు ఎంత లోతులో వేశారు, ఎన్ని బస్తాల సిమెంట్ పోశారు, ట్యాగ్ చేశారా లేదా అన్నీ అందులో రాస్తారు. పైన 10 అడుగుల ప్లగ్ ఉండాలి, పైపు నేలకి 3 అడుగుల కింద కోయాలి అన్నది అక్కడి నియమం. ఏ సంవత్సరంలో మూశారో ముఖ్యంగా చూడండి. అమెరికాలో 1859 నుంచి బావులు తవ్వుతున్నారు. పాతకాలంలో చెట్టు మొద్దులు, రాళ్లు కుక్కి వదిలేసినవీ ఉన్నాయి. యజమాని లేకుండా మిగిలిన ఇలాంటి బావుల కోసమే 2021లో అక్కడి ప్రభుత్వం 470 కోట్ల డాలర్లు కేటాయించింది.

శ్రోత: కాగితం బాగుంటే కొనుక్కోవచ్చన్నమాట.

ఇంజనీరు: ఇంకో రెండు చూడండి. పాత మ్యాపుల్లో బావి చుక్క అసలు చోటుకి చాలా దూరంగా ఉండొచ్చు. ఇనుప పైపుని మ్యాగ్నెటోమీటర్‌తో వెతికే సర్వే వాళ్లున్నారు, వాళ్లతో చోటు ఖాయం చేయించుకోండి. దాని మీద గది గానీ షెడ్డు గానీ కట్టకూడదు, మళ్లీ రిగ్గు రావాల్సి వస్తే దారి ఉండాలి. రెండోది, బావి నుంచి వెళ్లిన పైపులైన్లు. 2017 ఏప్రిల్‌లో కొలరాడోలోని ఫైర్‌స్టోన్‌లో ఒక ఇల్లు పేలి ఇద్దరు చనిపోయారు. బావికి తగిలించే ఉన్న పాత సన్న పైపుని ఇంటి దగ్గర కోసి, మూతి మూయకుండా మట్టిలో వదిలేశారు. గ్యాస్ మట్టిలోంచి ఇంట్లోకి చేరింది. బావి ఒక్కటే చూసి ఊరుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. లైన్లు ఎక్కడెక్కడున్నాయో, రెండు కొసలూ మూశారో లేదో రాతలో అడగండి. అవి దొరక్కపోతే ఆ ఇల్లు వదిలేసుకోమనే నా సలహా.

వ్యాఖ్యాత: ముమ్మిడివరం దగ్గర నుంచి ఒకమ్మ చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: బాబూ, మా బోరు కొడితే నీళ్లతో పాటు బుడగలొస్తాయి. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంటుందని మా మనవడు చూపించాడు. మా ఇంటికి దగ్గర్లో మూసేసిన గ్యాస్ బావి ఉంది. దాన్నుంచేనా? వాసన అయితే ఏం లేదు మరి.

ఇంజనీరు: అమ్మా, ముందు ఆ అగ్గిపుల్ల పని ఇంకెప్పుడూ చేయనివ్వకండి. ఆ మండే గ్యాస్ పేరు మీథేన్. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మోటారు షెడ్డుకి తలుపులు, కిటికీలు బార్లా తెరిచి పెట్టండి. లోపల స్విచ్ వేసేముందు గాలి ఆడనివ్వండి. ఇక వాసన మాట. నేలలోంచి వచ్చే మీథేన్‌కి వాసన ఉండదమ్మా. వంట సిలిండర్‌కి వచ్చే వాసన లీకు తెలియడం కోసం కంపెనీ వాళ్లు కలిపింది. వాసన లేదు కాబట్టి లీకు లేదనుకోవడం ప్రమాదం.

శ్రోత: మరి గ్యాస్ ఎక్కడిదో ఎలా తెలుస్తుంది బాబూ?

ఇంజనీరు: డెల్టా మట్టిలో కుళ్లిన ఆకు, పీట్ (సగం కుళ్లి పేరుకున్న మొక్కల పొర) నుంచి కూడా మీథేన్ పుడుతుంది. అది బావితో సంబంధం లేకుండానే బోర్లలోకి రావొచ్చు. కాబట్టి చూడకుండా కంపెనీని తిట్టడం న్యాయం కాదు, చూడకుండా వాళ్లని వదిలేయడమూ న్యాయం కాదు. బుడగలు పట్టి ల్యాబ్‌కి పంపితే తేలిపోతుంది. లోతు నుంచి వచ్చిన గ్యాస్‌లో మీథేన్‌తో పాటు ఈథేన్, ప్రొపేన్ ఉంటాయి. మట్టిలో పుట్టినదానిలో అవి దాదాపు ఉండవు. కార్బన్ ఐసోటోపులు, అంటే కార్బన్ పరమాణువుల్లో బరువు తేడా ఉన్న రకాల పాళ్లు, కూడా వేరుగా ఉంటాయి. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు ఇలాంటి వాయువుల మీద పనిచేస్తున్నారు. మీరొక్కరే అడగడం కష్టం గానీ, కలెక్టర్ గారికి అర్జీ పెట్టి పరీక్ష చేయించమనండి. నీళ్లలో కరిగిన మీథేన్ కూడా కొలవమనండి. లీటరుకి 28 మిల్లీగ్రాములు దాటితే వెంటనే చర్య తీసుకోవాలని అమెరికాలో లెక్క పెట్టుకున్నారు.

వ్యాఖ్యాత: చివరి కాల్. నరసాపురం వైపు నుంచి సర్పంచ్ గారు.

శ్రోత: సార్, మా పంచాయతీ హద్దుల్లో ఒక బావి ఈ ఏడాది మూస్తారంట. మేం ముందుగా ఏం చేయాలి?

ఇంజనీరు: సమయానికి అడిగారు. రిగ్గు రాకముందే చుట్టుపక్కల బోర్ల నీళ్లు, నేల పైభాగంలో గ్యాస్ కొలిపించండి. ఆ పాత లెక్క లేకపోతే రేపు ఏది కొత్తగా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఈ పనుల భద్రత మీద అధికారం గనుల భద్రత డైరెక్టరేట్‌ది, డీజీఎంఎస్. 2017 ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం మూయాలి. కంపెనీ ప్రభుత్వ రంగానిదైతే నేరుగా దానికే, ప్రైవేటుదైతే డీజీఎంఎస్‌కో, చమురు, గ్యాస్ తవ్వకాలు చూసే కేంద్ర సంస్థ డీజీహెచ్‌కో సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

శ్రోత: దరఖాస్తులో ఏం రాయాలండి?

ఇంజనీరు: ‘బావి సురక్షితమేనా?’ అని రాయకండి, ‘సురక్షితమే’ అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. బావి నంబరు వేసి, ప్రతి ప్లగ్ పైకొస, కిందికొస లోతులు, ఏ తేదీన ట్యాగ్ చేశారు, ఎంత బరువు పెట్టారు, ప్రెషర్ చార్ట్ నకలు, బాండ్ లాగ్ నకలు, కోసేముందు సందుల్లో ఒత్తిడి ఎంతుంది, ఆ పరీక్షలప్పుడు కంపెనీ మనిషి కాకుండా ఎవరు చూశారు, ఇవి అడగండి. చార్ట్ ఇవ్వలేకపోతే పరీక్ష జరిగిందని నమ్మకండి.

శ్రోత: మూసేశాక మా బాధ్యత ఏమైనా ఉందాండి?

ఇంజనీరు: పైపు కోసే రోజున మీ సర్వేయర్‌ని పంపి జీపీఎస్ కొలత తీయించండి. సర్వే నంబరుతో కలిపి పంచాయతీ రిజిస్టర్‌లో రాయించి, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) మీద గుర్తు పెట్టించండి. మట్టి కప్పేశాక ఒక తరం మారితే బావి ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు, దాని మీద ఇల్లో రొయ్యల చెరువో వచ్చేస్తుంది. ఏడాదికోసారి వానలకి ముందు చేతి డిటెక్టర్‌తో ఆ చోటు కొలిచి వెళ్లేలా కంపెనీ దగ్గర రాతలో ఒప్పుకోలు తీసుకోండి. అక్కడ పైరు ఒక వలయంలా పసుపుబారి ఎండిపోతున్నా, నిలిచిన నీళ్లలో ఒకేచోట ఆగకుండా బుడగలొస్తున్నా, ఏడాది అయ్యేదాకా ఆగకుండా ఆ రోజే కబురు చేయండి.

వ్యాఖ్యాత: సార్, ఆ దరఖాస్తులో అడగాల్సినవి ఇంకోసారి నెమ్మదిగా చదువుతారా? రాసుకునేవాళ్లు కాగితం, పెన్ను తీసుకోండి.

ఇంజనీరు: తప్పకుండా. మొదట బావి నంబరు. తర్వాత ప్రతి ప్లగ్ లోతు...

(ప్రసారం ఇక్కడితో ముగిసింది.)